పత్రం చదివే సభ, పని చేసే సభ : మన విద్వద్గోష్ఠుల చరిత్రలో కొన్ని ఘట్టాలు

భాష, సాహిత్యం, చరిత్ర – ఏ రంగంలోనైనా సదస్సు అనగానే ఒక క్రమం మనకు గుర్తుకు వస్తుంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, స్వాగతం, ప్రారంభోపన్యాసం, కీలకోపన్యాసం, సన్మానం. ఆపైన ఒక్కొక్క సమావేశంలో ఏడెనిమిది పత్రాలు. పత్రానికి పదిహేను నిమిషాలని ఆహ్వానంలో ఉంటుంది. ప్రారంభసభ సాగిపోతుంది గనుక ఆ పదిహేను పదికి, చివరి వక్త వంతు వచ్చేసరికి అయిదుకు తగ్గుతుంది. చర్చకు సమయం చాలలేదని అధ్యక్షులు విచారం వెలిబుచ్చుతారు. మర్నాడు సాయంత్రం ముగింపు సభ, ప్రశంసాపత్రాలు, రైలు వేళకు పరుగు. అంతదూరం వచ్చిన యువ పరిశోధకుడు తన పత్రం చదివి వెళతాడు. దాన్ని విన్నవారు ఏమనుకున్నారో అతనికి తెలియదు.

ఈ క్రమాన్ని ఎగతాళి చేయడం తేలిక. మా ఉద్దేశం అది కాదు. సదస్సు ఈ రూపానికి ఎలా వచ్చింది, దీనికి ముందూ పక్కనా మన ప్రాంతాలలో వేరే రకపు విద్వత్సమావేశాలు ఏమున్నాయి, వాటిలో ఏవి నిలిచే ఫలితాన్ని ఇచ్చాయి అన్నది చరిత్రలో వెతికి చూడాలనుకున్నాము. అందుకు తీసుకున్న ఉదాహరణలన్నీ దాదాపుగా నేటి తెలుగు రాష్ట్రాల వెలుపలివే: మద్రాసు, పర్లాకిమిడి, పుణె, తంజావూరు, కోవిల్‌పట్టి ప్రాంతం. ఈ పత్రిక పాఠకులకు ఇవి దూరపు ఊళ్ళు కావు. తెలుగు గురించిన గొప్ప పనులలో కొన్ని ఈ ఊళ్ళలోనే జరిగాయి.

మేము చెప్పదలచినది ఒక్క మాటలో ఇది: పూర్తయిన పత్రాన్ని చదవడానికి కాక, పూర్తికాని పనిని అందరి ఎదుటా పెట్టుకుని చేయడానికి మనుషులు కూడినప్పుడే గోష్ఠి ఫలించింది.

ఒక వాక్యం చుట్టూ సభ

మన దేశంలో పండితులు కూడి శాస్త్రచర్చ చేసే పద్ధతికి వాక్యార్థ సభ మంచి ఉదాహరణ. కర్ణాటకలోని శృంగేరిలో ఏటా వినాయక చవితి నాడు మొదలయ్యే వాక్యార్థ సభకు తెలుగు ప్రాంతాల శాస్త్రపండితులు కూడా వెళుతుంటారు. ఈ సభలో ఎవరూ తమ కొత్త గ్రంథం చదివి వినిపించరు. శాస్త్రంలోని ఒక వాక్యాన్నో ఒక సందర్భాన్నో తీసుకుంటారు. ఆ గ్రంథం కూర్చున్నవారందరికీ తెలిసినదే. మాట్లాడేవాడు ముందుగా పూర్వపక్షాన్ని, అంటే తాను ఖండించబోయే వాదాన్ని, దాని బలమంతటితోనూ నిలబెట్టాలి. ఎదుటివాడి మాటను బలహీనపరచి చెప్పి ఓడిస్తే అక్కడ గౌరవం దక్కదు. ఆ తర్వాతనే సిద్ధాంతం. మధ్యలో ఎవరైనా అడ్డుతగిలి ప్రశ్నించవచ్చు.

ఈ పద్ధతిలో గమనించదగిన సూత్రాలు రెండు. చర్చించే విషయం అందరి ఎదుటా ముందే ఉండడం మొదటిది. వినేవాడు కేవల శ్రోత కాకపోవడం రెండవది. అయితే ఈ సభల తలుపులు చాలాకాలం కొద్దిమందికే తెరిచి ఉన్నాయన్నదీ చరిత్రే. సంస్కృతం చదివే అవకాశం లేనివారికి, స్త్రీలకు, భాషను నోటితో తప్ప గ్రంథంతో నేర్వని కోట్లాదిమందికి అక్కడ చోటు లేదు. వారి మాటకు సాక్ష్యం విలువ ఉంటుందన్న ఆలోచన ఆ చట్రంలో ఇమడలేదు. ఆ లోటు తీర్చవలసివచ్చిన తరువాతి ఘట్టాలు ఆధునిక కాలానివి.

మద్రాసు కళాశాల, 1812–1816

ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు దక్షిణాది భాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల ఏర్పడింది. దాని నిర్వాహక మండలిలో ముఖ్యుడు ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్. అప్పటికి తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందన్న అభిప్రాయమే ఐరోపా పండితులలో బలంగా ఉండేది. 1814లో శ్రీరాంపూరులో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన విలియం కేరీ కూడా ఆ అభిప్రాయమే వెలిబుచ్చాడు.

1816లో ఎ. డి. కేంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం కళాశాల ముద్రణాలయం నుంచి వెలువడింది. దాని ఉపోద్ఘాతానికి చేర్చిన వ్యాఖ్యలో ఎల్లిస్ ఆ అభిప్రాయాన్ని ఖండించాడు. తమిళం, తెలుగు, కన్నడం మొదలైన భాషలు ఒక కుటుంబానికి చెందినవనీ, వాటికి మూలం సంస్కృతం కాదనీ చూపించాడు. ధాతువులు, మాటలు, వాక్యనిర్మాణం – ఈ మూడు మెట్లలో ఆ నిరూపణ సాగింది. జర్మనీలో ఫ్రాంజ్ బాప్ సంస్కృత, గ్రీకు, లాటిన్ క్రియారూపాలను పోల్చి తొలి గ్రంథం ప్రచురించినదీ 1816లోనే. బిషప్ కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వచ్చింది 1856లో. అంటే మద్రాసు నిరూపణకు 40 ఏళ్ళ తర్వాత.

ఈ నిరూపణ ఒక్క మనిషి మేధలో పుట్టలేదు. అందులోని తెలుగు ధాతువుల పట్టిక కళాశాలలో సంస్కృతాంధ్ర ప్రధానోపాధ్యాయుడైన పట్టాభిరామశాస్త్రి తయారుచేసినది. దేశ్యమంటే ఏమిటో, తత్సమ తద్భవాల నుంచి అది ఎలా వేరో చెప్పడానికి ఎల్లిస్ మచిలీపట్నం వాడైన మామిడి వెంకయ్య ఆంధ్రదీపికను ఆధారం చేసుకున్నాడు. మాటలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని విడదీయడం మన వ్యాకరణకారులు ముందునుంచీ చేస్తున్నదే. ఆ విభజనను పక్క భాషల పట్టికల పక్కన పెట్టి చూడడం మాత్రం కొత్త. తెలుగు, తమిళం, కన్నడం బోధించే పండితులు ఒకే సంస్థలో పనిచేస్తుండడం వల్ల, ఒకరి పట్టిక పక్కన మరొకరి పట్టిక చేరడం వల్ల, ఏ ఒక్కరికీ విడిగా కనిపించని చుట్టరికం బయటపడింది. అమెరికన్ చరిత్రకారుడు థామస్ ట్రాట్‌మన్ 2006లో ప్రచురించిన గ్రంథంలో ఈ కథను విపులంగా పరిశోధించి, మద్రాసులోని ఈ సంభాషణకు దక్కవలసిన స్థానాన్ని చూపించారు.

మద్రాసులో తెలుగు, తమిళ పండితులు పక్కపక్కన ఉండడం యాదృచ్ఛికం కాదు. ఆ నగరపు సహజ స్థితే అది. రెండు భాషలు కలిసే చోట నివసించేవారికి రెండింటి మధ్య పోలికలూ తేడాలూ కనబడినంతగా ఒకే భాష మధ్యలో నివసించేవారికి కనబడవు. ఈ మాట నేటి హోసూరుకూ, బళ్ళారికీ, పర్లాకిమిడికీ కూడా వర్తిస్తుంది.

బల్ల దగ్గర ఎవరికి చోటు?

అదే మద్రాసు నుంచి మరొక పాఠం ఉంది. కల్నల్ కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయతులు, శాసన ప్రతులు, వంశావళులు తెలుగు చరిత్రకు ఎంత విలువైనవో చెప్పనక్కరలేదు. ఆ సేకరణ వెనుక కావలి సోదరులు – బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి – ఉన్నారు. 1803లో బొర్రయ్య చనిపోయిన తర్వాత లక్ష్మయ్య ఆ బాధ్యత తీసుకుని, ఊరూరా తిరిగే సేకర్తలను నడిపించాడు. 1821లో మెకంజీ మరణించాడు. సగంలో ఆగిన పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకు వచ్చాడు. 1830లలో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ముందుకు ఆ ప్రతిపాదన వెళ్ళింది. ఒక భారతీయుడు అంతటి పనికి నాయకత్వం వహించగలడని ఆ పండితులు నమ్మలేదు, ప్రతిపాదన తిరస్కరించారు.

సేకరించేవాడుగా, అనువదించేవాడుగా పనికివచ్చిన మనిషి నిర్ణయించేవాడుగా పనికిరాకపోయాడు. కలిసి పనిచేయడం అన్న మాటకు ఇది కఠినమైన పరీక్ష. సమాచారం ఇచ్చేవారు ఒకరు, సిద్ధాంతం చెప్పేవారు మరొకరు అన్న విభజన ఉన్నంతకాలం కలయిక పైపైనే ఉంటుంది. వలస పాలన పోయింది గాని ఈ విభజన పూర్తిగా పోలేదని మా అభిప్రాయం. ఇప్పటికీ రాష్ట్రేతర తెలుగువారి మాటను నమోదు చేసుకుని వచ్చి, దాన్ని వారు లేని సభలో, వారికి అందని సంపుటంలో పెట్టడం జరుగుతూనే ఉంది.

పర్లాకిమిడి పాఠం

ఈ విభజనను తనకు తానుగా దాటిన మనిషి గిడుగు వెంకట రామమూర్తి (1863–1940). ఆయన పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలలోనూ తర్వాత కళాశాలలోనూ ఉపాధ్యాయులు. చుట్టుపట్ల కొండలలోని సవరల భాష నేర్చుకోవాలని పూనుకున్నారు. ఆ భాషకు అప్పటికి వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. తెలుగు తెలిసిన సవరను ఇంట పెట్టుకుని అతని దగ్గర నేర్చుకున్నారు. సవరలకోసం బడులు నడిపించారు, వారి భాషలోనే వాచకాలు రాశారు. దశాబ్దాల ఆ కృషి 1931లో సవర భాషా వ్యాకరణంగా, ఆ తర్వాత నిఘంటువులుగా మద్రాసు ప్రభుత్వ ముద్రణలో వెలువడింది. సవర ముండా కుటుంబపు భాష. తెలుగుకు చుట్టం కాదు. చుట్టం కాని భాషను దాన్ని మాట్లాడేవాడి దగ్గర శిష్యుడిగా కూర్చుని నేర్చుకున్న పండితుడే, తెలుగు విషయంలో కూడా మాట్లాడే మనిషి నోటిలోని భాషను ప్రమాణంగా తీసుకోవాలని వాదించారు. ఈ రెండు పనులకూ మూలం ఒకటేనని మేము భావిస్తున్నాము.

వ్యావహారిక భాషా వివాదం సాగిన తీరును ఈ దృష్టితో చూస్తే మరో సంగతి తెలుస్తుంది. 1907 ప్రాంతంలో ఉత్తర కోస్తాలో పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చిన జె. ఎ. యేట్స్, బడిలో చెప్పే తెలుగు జనం మాట్లాడే తెలుగులా ఎందుకు ఉండదని అడిగాడు. ఆ ప్రశ్న విశాఖపట్నంలో పి. టి. శ్రీనివాస అయ్యంగారికీ, ఆయన ద్వారా గిడుగు, గురజాడలకూ చేరింది. ఆరంభంలో అది నలుగురు కూర్చుని ఆలోచించిన సమస్య. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడిన తర్వాత అది సభలలో రెండు పక్షాల యుద్ధమైంది. ఉపన్యాసాలు, ప్రత్యుపన్యాసాలు, విన్నపాలు, ఖండనలు. రెండు వైపులా గొప్ప పాండిత్యం ఉంది. ఆ వాదోపవాదాల వల్ల పాత గ్రంథాలలోని ప్రయోగాలు, శాసనభాష ఎంతో వెలుగులోకి వచ్చాయి. అయినా ఆ సభలలో ఒకరి వాదంతో మరొకరు మనసు మార్చుకున్న సందర్భాలు తక్కువ. చివరకు వివాదాన్ని తీర్చినది సభల తీర్మానాలు కాదు. పత్రికలు, కథలు, నవలలు, నాటకాలు వాడుక భాషలో రావడమే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు గిడుగు నిరసనగా ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. అక్కడి తెలుగువారు మాత్రం అక్కడే ఉన్నారు. నేటి గజపతి జిల్లాలో వారి మాట ఒడియాతోనూ సవరతోనూ నిత్యం పొరుగు చేస్తున్నది.

1919, పుణె: రెండు ఆరంభాలు

నేటి సదస్సు రూపం మనకు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడానికి పుణె వెళ్ళాలి. 1873లో పారిస్‌లో ప్రాచ్యవిద్యా పండితుల అంతర్జాతీయ మహాసభ మొదటిసారి జరిగింది. అలాంటిది మన దేశంలోనూ ఉండాలన్న సంకల్పంతో 1917లో వెలసిన భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ చొరవ తీసుకుంది. 1919 నవంబరు 5 నుంచి 7 వరకు రామకృష్ణ గోపాల భండార్కర్ అధ్యక్షతన పుణెలో అఖిల భారత ప్రాచ్యవిద్యా మహాసభ తొలి సమావేశం జరిగింది. రెండవది 1922లో కలకత్తాలో, మూడవది 1924లో మద్రాసులో జరిగాయి. విభాగాలు, విభాగాధ్యక్షులు, పత్ర సమర్పణ, తీర్మానాలు, ఆపైన వ్యాస సంపుటి – ఈ చట్రం అక్కడినుంచి దేశమంతటా పాకింది. పత్రికలు తక్కువ, ప్రయాణం కష్టం అయిన ఆ రోజులలో ఎవరు ఏం చేస్తున్నారో తెలుసుకోవడానికి అది నిజంగా అవసరమైన ఏర్పాటు. దాని మేలు కాదనలేము.

అయితే అదే సంవత్సరం అదే సంస్థలో మరొకటి మొదలైంది. 1919 ఏప్రిల్ 1న భండార్కర్ చేతుల మీదుగా మహాభారత సంశోధిత ప్రతి పని ప్రారంభమయింది. 1925లో వి. ఎస్. సుక్థంకర్ ప్రధాన సంపాదకులయ్యారు. ఆదిపర్వం 1933లో పూర్తయింది. మొత్తం పని 1966లో ముగిసింది. దాదాపు 47 ఏళ్ళు, 19 సంపుటాలు, పరిశీలించిన ప్రతులు 1,259. ఒకదాని వయసు మూడు రోజులు, రెండవదాని వయసు ఒక తరం కంటే ఎక్కువ.

ఆ పని జరిగిన తీరు తెలుసుకోదగినది. ఒక్కొక్క శ్లోకానికి గళ్ళుగీసిన కాగితం. పై వరుసలో శ్లోకం, అక్షరానికొక గడి. కింద ఒక్కొక్క వరుస ఒక్కొక్క రాతప్రతికి; ఎక్కడ అక్షరం మారితే ఆ గడిలో మారిన రూపం. శాస్త్రులూ, విశ్వవిద్యాలయాలలో చదివిన యువకులూ కలిసి కూర్చుని ఈ కాగితాలు నింపారు. శారద, నేవారీ, బెంగాలీ, దేవనాగరి, తెలుగు, గ్రంథ, మలయాళ లిపులు అందరికీ రావు గనుక ఒకరు లేకుండా మరొకరి పని సాగదు. దక్షిణాది ప్రతులకోసం తంజావూరు సరస్వతీ మహలులోనూ, తూర్పు ప్రతులకోసం శాంతినికేతనంలోనూ సరిపోల్చే కేంద్రాలు పెట్టారు. తెలుగు లిపి ప్రతులకు 'టి' అన్న గుర్తు ఇచ్చారు. ఈనాడు ఆ సంపుటాలలో ఏ పుట అడుగున చూసినా ఆ గుర్తు కనిపిస్తుంది.

మేము ముఖ్యంగా ఎత్తిచూపదలచినది ఆ పుట అడుగుభాగాన్నే. సంపాదకులు తాము నిర్ణయించిన పాఠాన్ని పైన పెట్టారు; ఒప్పుకోని పాఠాంతరాలను పారవేయకుండా కింద ఉంచారు. పాఠకుడు వారితో విభేదించాలంటే అందుకు కావలసిన సామగ్రి కూడా వారే ఇచ్చారు. సదస్సు వ్యాస సంపుటులలో ఇది కనిపించదు. పత్రంపై ఎవరు ఏ అభ్యంతరం చెప్పారో, దానికి వచ్చిన సమాధానమేమిటో ఎక్కడా మిగలదు.

శిక్షణ, సేకరణ, నిఘంటువు

పుణెలోనే మరొక అధ్యాయం 1954లో మొదలైంది. డెక్కన్ కళాశాలలో ఎస్. ఎం. కత్రే నాయకత్వాన, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సహాయంతో భాషాశాస్త్ర శిక్షణ శిబిరాలు జరిగాయి. పుణెలోనూ ఆ తర్వాత ఇతర పట్టణాలలోనూ ఇవి కొన్ని వారాలపాటు సాగేవి. దేశవిదేశాల ఆచార్యులు, కళాశాల అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు ఒకేచోట ఉండి పనిచేశారు. భాష మాట్లాడే మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని ధ్వనులు, పదాలు, వాక్యాలు రాసుకుని విశ్లేషించడం అందులో భాగం. మన దేశంలో ఆధునిక భాషాశాస్త్ర శాఖలు పెరగడానికి ఈ శిబిరాలు పునాదిగా నిలిచాయి. ఇక్కడా వచ్చినవారు వినడానికి కాక చేయడానికి వచ్చారు.

తెలుగులో ఈ రకపు పనికి శిఖరం మాండలిక వృత్తి పదకోశం. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ పదాల సంపుటాన్ని, 1971లో చేనేత పదాల సంపుటాన్ని ప్రచురించింది. ఆ తర్వాత మరికొన్ని వృత్తుల సంపుటాలు వచ్చాయి. సేకర్తలు పల్లెలకు వెళ్ళి రైతులనూ నేతగాండ్రనూ అడిగి రాసుకున్నారు. ఏ మాట ఏ ప్రాంతంలో వాడుకలో ఉందో చూపించారు. ఒకచోట నాగలి, మరొకచోట మడక, ఇంకొకచోట అరక అనే మాటలు ఎక్కడ ఆగి ఎక్కడ మొదలవుతాయో గ్రంథపాండిత్యంతో తెలిసేది కాదు. ఇక్కడ రైతే పండితుడు.

ఆ పదకోశపు పరిధి ఆనాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలు. సరిహద్దు అవతల పొలాలలోనూ మగ్గాల దగ్గరా ఉన్న మాటలు అందులోకి రాలేదు. రాయలసీమలోని మడక హోసూరు, కోలారు తెలుగు రైతుల నోట ఎంతవరకు ఉంది? షోలాపూరులో తరతరాలుగా నేతపనిలో ఉన్న పద్మశాలీల ఇళ్ళలో పడుగు, పేక, నాడె, ఆసు అనే మాటలలో ఏవి నిలిచాయి, ఏవి మరాఠీకి చోటిచ్చాయి? పర్లాకిమిడి, బరంపురం తెలుగులో ఒడియా నుంచి వచ్చిన వ్యవసాయ పదాలేవి? యానాంలో 1954 వరకు సాగిన ఫ్రెంచి పాలన ఇంటి దస్తావేజులలో, వాడుకలో ఏ మాటలు మిగిల్చింది? ఒక్కొక్కటీ ఒక్కొక్క సదస్సుకు తగిన ప్రశ్న. కాని వీటికి సమాధానం చెప్పగలవారు వేదిక మీద ఉండరు. వారిలో చాలామంది వృద్ధులు. మగ్గం పోయిన ఇంట్లో మగ్గపు మాటలు ఒక తరం కంటే ఎక్కువ నిలవవు. సదస్సు మనం వాయిదా వేయవచ్చు గాని, ఈ వయసును వాయిదా వేయలేము.

కి. రాజనారాయణన్ చూపిన దారి

విశ్వవిద్యాలయం పిలిచేదాకా ఆగకుండా ఇలాంటి పని చేసిన మనిషి కోవిల్‌పట్టి దగ్గరి ఇడైచేవల్ గ్రామస్థుడు కి. రాజనారాయణన్. ఇంటి మాట తెలుగు, రాసిన భాష తమిళం. దక్షిణానికి తరలివచ్చిన తెలుగు కుటుంబాల కథను ఆయన తన గోపల్ల నవలలలో చెప్పారు; వాటిలో రెండవదానికి 1991లో సాహిత్య అకాడమి బహుమతి వచ్చింది. నల్లరేగడి సీమ ప్రజల వాడుక మాటలకు 1980లలో ఆయన ఒక నిఘంటువు కూర్చారు. తమిళంలో ప్రాంతీయ మాండలికానికి ఒక వ్యక్తి పూనికతో వచ్చిన నిఘంటువులలో ఇది మార్గదర్శకమైనది. ఆయనకు బడి చదువు బాగా తక్కువ. అయినా పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆయనను జానపద కథల పనికి ఆచార్యుడిగా పిలిచింది. లక్ష్మయ్యను కాదన్న పండిత లోకం ఒకటిన్నర శతాబ్దం తర్వాత కనీసం ఒకచోట వేరుగా ప్రవర్తించింది. ఇది అపవాదంగా మిగలకూడదు.

ఉత్సవం ఉత్సవమే, పని పనే

1975 ఏప్రిల్‌లో హైదరాబాదులో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలు దేశవిదేశాల తెలుగువారిని తొలిసారి ఒకచోట చేర్చాయి. ఆ తర్వాత 1981లో కౌలాలంపూరులో, 1990లో మారిషస్‌లో, 2012లో తిరుపతిలో, 2017లో మళ్ళీ హైదరాబాదులో మహాసభలు జరిగాయి. ఒంటరిగా ఉన్నామనుకున్న సమూహాలకు మీరు మావారే అని చెప్పడం చిన్న మేలు కాదు. ఉత్సవం చేసే పని ఉత్సవం చేస్తుంది. కాని దాని నమూనాను విద్వద్గోష్ఠికి కూడా తొడిగినప్పుడు చిక్కు వస్తుంది.

దీనికి తోడు ఉద్యోగ నిబంధనలు కూడా పత్ర సంఖ్యను పెంచాయి. 2010లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం తెచ్చిన నిబంధనలు అధ్యాపకుల నియామకాలలో, పదోన్నతులలో సదస్సు పత్రాలకు కూడా మార్కులు లెక్కకట్టాయి. చదివినందుకు మార్కులున్నాయి, విన్నందుకు, ప్రశ్నించినందుకు, ఇంకొకరి పత్రాన్ని సరిదిద్దినందుకు లేవు. మనిషి దేనికి విలువ ఉంటే అది చేస్తాడు. కాబట్టి తప్పు యువ పరిశోధకులది కాదు.

మా సూచనలు

పై చరిత్ర నుంచి మాకు తోచిన సూచనలను రాష్ట్రేతర తెలుగు సమూహాల సదస్సులకు అన్వయించి చెబుతాము. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

మొదటిది, వాక్యార్థ సభ నుంచి. పత్రాలను నెల ముందే అందరికీ పంపాలి. సభలో రచయిత తన పత్రం చదవకూడదు; ముందే చదివిన మరొకరు దాని సారాన్ని న్యాయంగా చెప్పి, తన సందేహాలు పెట్టాలి. రచయిత జవాబు చెప్పాలి. పన్నెండు పత్రాలకు బదులు నాలుగే తీసుకున్నా నష్టం లేదు.

రెండవది, మద్రాసు, పర్లాకిమిడిల నుంచి. రెండు రోజులలో ఒక రోజంతా ఒకే బల్ల చుట్టూ పని జరగాలి. ఉదాహరణకు షోలాపూరులో సదస్సయితే ముగ్గురు నేతగాండ్రు, వారిలో ఒక పెద్దావిడ తప్పనిసరిగా ఉండాలి. సిరిసిల్ల నుంచో మంగళగిరి నుంచో ఒకరిద్దరు నేతపనివారు. మరాఠీ తెలిసిన ఒకరు. ఇద్దరు ముగ్గురు పరిశోధకులు. ఎదుట నాడె, అచ్చు, ఆసు వంటి పనిముట్లు. 1971 నాటి పదకోశం నుంచి నూరు మాటలు. ఒక్కొక్క మాట దగ్గరా ఆగి, ఇక్కడ ఏమంటారు, అక్కడ ఏమంటారు అని అడిగి గళ్ళ కాగితం మీద రాయాలి. నేతగాడికి ప్రయాణఖర్చు, దినభత్యం, ఆచార్యుడికి ఇచ్చినట్టే ఇవ్వాలి. వచ్చే సంపుటిలో ఆ మాట ఎవరు చెప్పారో, వారి అనుమతితో, వారి పేరుతో ఉండాలి.

మూడవది, భారత సంశోధిత ప్రతి నుంచి. ఏకాభిప్రాయం రాని చోట దాన్ని దాచకూడదు. ఫలానా మాట మరాఠీ నుంచి వచ్చిందని ఒకరు, కన్నడం నుంచని మరొకరు అంటే రెండూ రాయాలి. వ్యాస సంపుటిలో ప్రతి వ్యాసం కింద చర్చ సారం అచ్చుకావాలి.

నాలుగవది, పుణె శిబిరాల నుంచి. ప్రతి సదస్సు ముందటి సదస్సు విడిచిన చోట మొదలుకావాలి. షోలాపూరు కాగితాలు బళ్ళారికి, బళ్ళారివి హోసూరుకు, అక్కడివి బరంపురానికి, యానాంకు చేరాలి. స్థానిక కళాశాల విద్యార్థులు మధ్య కాలంలో మిగిలిన మాటలు సేకరించాలి. ఈనాడు ప్రతివారి చేతిలోనూ కంఠస్వరాన్ని నమోదు చేయగల ఫోను ఉంది. 1962లో సేకర్తలకు లేని సౌకర్యం అది. ప్రశంసాపత్రం కూడా పత్రం చదివినందుకు కాక, ఇలా చేసిన పనికి ఇవ్వవచ్చు.

దీనికి అభ్యంతరాలు ఉంటాయని తెలుసు. నిధులిచ్చేవారు పత్రాల సంఖ్య అడుగుతారు. పెద్దలు ప్రారంభసభకే వస్తారు. ప్రేక్షకులు లేని సభకు పత్రికలలో చోటు దొరకదు. వీటికి మా సమాధానం ఒక్కటే: ప్రారంభసభను తీసివేయమని మేము కోరడం లేదు. దాన్ని ఒక గంటలో ముగించి, మిగిలిన పూటలు పనికి వదలమంటున్నాము. నూరు మాటల కాగితం ఒకటి నిండితే దాన్ని నిధుల లెక్కలలోనూ చూపవచ్చు. ముప్పై ఏళ్ళ తర్వాత వచ్చే నిఘంటుకారుడికీ చూపవచ్చు.

మద్రాసులో పట్టాభిరామశాస్త్రి ధాతుపట్టిక, పర్లాకిమిడిలో గిడుగు సవర పదాలు, తంజావూరులో పేరు తెలియని ఏ శాస్త్రో నింపిన గళ్ళ కాగితాలు – ఇవి నేటికీ ఉపయోగపడుతున్నాయి. అవి రాసినవారు వేదిక మీద ఎంతసేపు మాట్లాడారో ఎవరికీ గుర్తులేదు. మన సరిహద్దుల అవతల తెలుగు మాట్లాడే పెద్దలు ఇంకా ఉన్నారు. వచ్చే సదస్సుకు ఆహ్వానపత్రం అచ్చువేసేటప్పుడు వక్తల పేర్లకు ముందు వారి పేర్లు వేయవలసిందిగా నిర్వాహకులను కోరుతున్నాము.